కారు షెడ్డులో వెల్డింగ్ – 4వ పాఠం: మూల తప్పని చట్రం

మూడో పాఠం చివర ఇచ్చిన పని అయిందా? పాత ప్లేటు మీద 2.5 మి.మీ. రాడ్డుతో వరసగా గీతలు వేసి, స్లాగ్ (గీత మీద గట్టిపడే నల్లటి పూత) కొట్టి చూడమన్నాను. గీత అంతటా ఒకే వెడల్పులో ఉండి, స్లాగ్ పెంకులా లేచి వస్తుంటే ఈ పాఠంలోకి రండి. రాడ్డు ఇంకా అతుక్కుపోతుంటే మరో పది రాడ్లు ఖర్చుపెట్టండి. సిగ్గుపడాల్సిందేమీ లేదు, నాకైతే రెండు పాకెట్లు పట్టింది.

ఈసారి చేసేది తులసి కుండీకి స్టాండు. 300 మి.మీ. చదరం, అంతే ఎత్తు. చూడ్డానికి పిల్లల ఆటలా ఉంటుంది. నేను చేసిన మొదటి స్టాండులో ఒక్కో మూలా తీసుకుని పూర్తిగా వెల్డింగ్ చేసుకుంటూ పోయాను. మూడు మూలలు అద్దంలా వచ్చాయి. నాలుగో మూలకు వచ్చేసరికి రెండు ముక్కల మధ్య చిటికెన వేలు పట్టేంత సందు! లాగి, తాడు బిగించి ఎలాగో అతికించాను. ఆ స్టాండు ఇప్పటికీ పెరట్లో మూడు కాళ్ల మీదే నిలబడుతుంది, నాలుగో కాలి కింద మా ఆవిడ టైలు ముక్క పెట్టింది.

తప్పు కొలతల్లో కాదు, వేడిలో జరిగింది. ఎద్దుబండి చక్రానికి కమ్మరి ఇనప పట్టా ఎక్కించడం చూసినవాళ్లకు ఇది చప్పున అర్థమవుతుంది. పట్టాను చక్రం కంటే కాస్త చిన్నదిగా చేసి, పిడకల మంటలో కాల్చి, సాగినప్పుడు తొడిగి నీళ్లు పోస్తారు. నాలుగు మీటర్ల పట్టా 400 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 2 సెం.మీ. సాగుతుంది. చల్లారేటప్పుడు అదంతా వెనక్కి ముడుచుకుని కర్రను కరిచి పట్టుకుంటుంది. మీరు వేసే ప్రతి వెల్డింగ్ కుట్టూ చిన్న బండిపట్టాయే. కరిగినప్పుడు మెత్తగా ఒదిగి, గట్టిపడ్డాక ముడుచుకుంటూ పక్కనున్న పైపును తన వైపు లాగుతుంది. ఏ వైపు ముందు కుడితే ఆ వైపుకే వంపు. ఈ లాగుడును ఆపలేం. ఎదురుగా ఇంకో లాగుడు పెట్టి సరితూచగలం.

సరుకు: 25 × 25 మి.మీ. స్క్వేర్ పైపు, గోడ మందం 1.6 మి.మీ. పాత ఇనుము కొట్లో తుక్కు ముక్కలు దొరికితే అవే తెచ్చుకోండి. కొత్తదైతే 20 అడుగుల పొడవు ఒకటి, సుమారు 7 కిలోలు తూగుతుంది. జీఐ పైపు మాత్రం వద్దు. దాని మీది జింకు 907 డిగ్రీలకే మరుగుతుంది, ఇనుము కరగడానికి 1500 దరిదాపులకు వెళ్లాలి. అంటే ఇనుము కరిగే లోపే జింకు తెల్లటి పొగై మీ ముక్కులోకి చేరుతుంది. ఆ రాత్రికి చలిజ్వరం ఖాయం.

కోతలు ఇలా: పై చట్రానికి 300 మి.మీ.వి రెండు, వాటి మధ్య కూర్చునేవి 250వి రెండు. కుండీ ఆనడానికి అడ్డపట్టీలు 250వి రెండు. కాళ్లు 275వి నాలుగు. కాళ్లను కలిపే కింది పట్టీలు 250వి నాలుగు. మొత్తం 3.7 మీటర్లు, మిగిలిన పైపు సాధనకు. ఒకే కొలత ముక్కలను పక్కపక్కన నిలబెట్టి చూడండి. ఒకటి పొడవుంటే గ్రైండర్‌తో ఇప్పుడే అరగదీయండి. సందును రాడ్డుతో పూడుద్దాంలే అనుకోవద్దు. ఇంత పల్చటి పైపులో ఒక మి.మీ. సందు ఉన్నా అంచులు కరిగి చిల్లు పడుతుంది. అతుకు దగ్గర రెండు సెం.మీ. మేర నూనె, తుప్పు పోయి తళతళలాడేలా రుద్దండి.

మధ్యలో ఇరుక్కునే 250 ముక్కలకు కింది వైపున 3 మి.మీ. బెజ్జం ఒకటి వేయండి. ఆ పైపు రెండు చివర్లూ మూసుకుపోతాయి కదా, లోపలి గాలి వేడెక్కి, చివరి కుట్టు వేస్తుండగా అక్కడి నుంచే బుస్సున తన్నుకొస్తుంది. ఎన్నిసార్లు పూడ్చినా అదే చోట సూదిబెజ్జం పడుతుంటే కారణం మీ చెయ్యి కాదు, ఆ గాలే.

షెడ్డు నేల మీద నేరుగా పెట్టకండి. టైలు పగులుతుంది, సిమెంటు పెచ్చులుగా లేచి కొడుతుంది. ఇటుకల మీద రెండు యాంగిల్ ముక్కలు పెట్టి, రసమట్టంతో సరిచూసి, వాటి మీద చట్రం పేర్చండి. మెషీన్ 60 ఆంపియర్ల దగ్గర, రాడ్డు 6013 రకం, 2.5 మి.మీ.ది. హోల్డర్ మైనస్‌లో, ఎర్త్ క్లాంపు ప్లస్‌లో పెడితే పల్చటి పైపుకు చిల్లులు తక్కువ.

ఇప్పుడు ట్యాకింగ్, అంటే అసలు కుట్టుకు ముందు ముక్కలు కదలకుండా చుక్కలతో అతికించడం. కందిగింజంత చుక్క చాలు. ఒక మూల పెట్టాక పక్క మూలకు పోవద్దు, ఎదురు మూలకు పోండి. నాలుగూ అయ్యాక టేపుతో మూల నుంచి ఎదురు మూలకు కొలవండి. బయటి అంచుల మధ్య 424 మి.మీ. రావాలి, రెండు వైపులా ఒకటే రావాలి. రెండు మి.మీ. తేడా ఉంటే పొడవొచ్చిన మూలను సుత్తితో మెల్లగా తట్టండి, చుక్కలు ఒదుగుతాయి. అదే పూర్తిగా కుట్టేసి ఉంటే గ్రైండరే దిక్కు. చట్రం తిరగేసి రెండో వైపు కూడా చుక్కలు పెట్టండి.

కాలు నిలబెట్టేటప్పుడు మూలమట్టం ఆనించి ఒక వైపు చుక్క పెట్టి, చల్లారనిచ్చి, మళ్లీ చూడండి. కాలు చుక్క వైపుకు వాలి ఉంటుంది. అందుకే అనుభవమున్న వెల్డర్ ముందే అటు నుంచి వెంట్రుకవాసి ఎదురుగా వంచి చుక్క పెడతాడు, చల్లారేసరికి అదే నిటారవుతుంది. ఎంత వంచాలో పుస్తకం చెప్పదు, నాలుగు కాళ్లు పాడుచేసుకుంటే చెయ్యే చెబుతుంది.

కాళ్లు, పట్టీలు అన్నీ చుక్కల మీద నిలబడ్డాకే అసలు కుట్టు. దీన్ని ఏకబిగిన లాగొద్దు. చిన్న మెరుపు, ఆపడం. ఎర్రదనం కాస్త మసకబారగానే దాని అంచు మీదే ఇంకో మెరుపు. నిలువు అతుకుల్లో పై నుంచి కిందికి రండి, వేడి నిలవదు. ఒక మూలలో ఒక ముఖం కుట్టి, ఎదురు మూలకు మారండి. చెయ్యి పెట్టలేనంత కాలుతుంటే ఆగి టీ తాగి రండి. నీళ్లు పోసి చల్లార్చడం బండిచక్రానికే, మనకు కాదు.

నల్లద్దం 10 లేదా 11 నంబరు, నూలు బట్టలు, తోలు గ్లవుజులు, బూట్లు ఇవన్నీ మొదటి పాఠంలోనే అయిపోయాయి. రెండు మాటలు మాత్రం కొత్తవి. సున్నం వేసిన తెల్లగోడ మీద పడి వెనక్కి వచ్చే వెలుగు కూడా కళ్లను కాలుస్తుంది, కాబట్టి వీధి వైపు ప్లైవుడ్ చెక్క అడ్డం పెట్టండి. పక్కింటి పిల్లలు ప్రహరీ మీద నుంచి తొంగి చూడకుండా ఉండరు. ఇక స్లాగ్ కొట్టేటప్పుడు హెల్మెట్ ఎత్తేస్తాం కదా, అప్పుడు రంగులేని సేఫ్టీ కళ్లద్దాలు పెట్టుకోండి. వేడి పెంకు కంటిలోకే ఎగురుతుంది.

వచ్చే పాఠానికి ఈ స్టాండు కావాలి. రెడ్ ఆక్సైడ్ పూయకుండా అలాగే ఉంచండి. సమమైన బండ మీద పెట్టి నాలుగు కాళ్ల కిందా పోస్టుకార్డు దూర్చి చూడండి. ఏ కాలి కింద దూరిందో, ఆ మూలలో మొదట ఏ వైపు కుట్టారో కాగితం మీద రాసిపెట్టుకోండి. అయిదో పాఠం అక్కడి నుంచే మొదలుపెడదాం.