గొర్రెపిల్లలను ఏ పద్ధతిలో పెంచితే ఎలాంటి మాంసం వస్తుంది?

పచ్చికలో తిరిగి పెరిగిన పిల్లకీ, కొట్టంలో దాణా తిని పెరిగిన పిల్లకీ తూకంలో తేడా అందరికీ కనిపిస్తుంది. మాంసం రంగు, కొవ్వు, వాసన కూడా మారతాయన్నది కోశాక గానీ తెలియదు. కాబట్టి ఎలాంటి మాంసం కావాలో ముందే తేల్చుకోండి.

1. పద్ధతి ఎంచుకోండి

బయట మేపితే ఖర్చు తక్కువ, ఎదుగుదల నెమ్మది. మేత పలచబడితే రోజుకు 100 గ్రాములు పెరగడమే కష్టం. మాంసంలో కొవ్వు తక్కువగా, ఒమేగా-3 కొవ్వు ఆమ్లాలు ఎక్కువగా ఉంటాయి. పచ్చిగడ్డిలోని విటమిన్ ఇ వల్ల కోసిన ముక్క త్వరగా నల్లబడదు. వాసన మాత్రం కొంచెం ఘాటు.

కొట్టంలో దాణాతో పెంచితే మంచి జాతి పిల్ల రోజుకు 200 గ్రాములు దాటి పెరుగుతుంది. లేత వయసులోనే కోతకు వస్తుంది కాబట్టి మాంసం మెత్తగా ఉంటుంది, కొవ్వూ ఎక్కువే.

నన్నడిగితే మధ్యేమార్గం మేలు: పాలు మాన్పించాక కొన్నాళ్లు బయట మేపి, చివరి ఆరు నుంచి ఎనిమిది వారాలు దాణా పెట్టడం.

2. పునాది గట్టిగా వేయండి

పుట్టిన మొదటి గంటల్లోనే ముర్రుపాలు తాగించాలి. రెండో వారం నుంచి, తల్లులు దూరలేని చిన్న కంచెలో పిల్లలకు విడిగా కాస్త దాణా, లేత గడ్డి ఉంచండి.

3. దాణాకు మెల్లగా అలవాటు చేయండి

తొందరపడితే పిల్లలు చచ్చిపోయేది ఇక్కడే. గింజల్లోని పిండి పొట్టలో వేగంగా పులిసి ఆమ్లంగా మారుతుంది. ఆకలితో ఉన్న పిల్ల ముందు ఒక్కసారిగా గింజలు పోస్తే నెమరు ఆగిపోతుంది, పారుడు పట్టుకుంటుంది, ప్రాణమే పోవచ్చు. అందుకే గుప్పెడుతో మొదలుపెట్టి రెండు మూడు వారాల్లో పూర్తి మోతాదుకు తీసుకురండి. ఎండుగడ్డి ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. గింజలు మరీ మెత్తగా దంచొద్దు.

దాణా పెంచేముందే చిటుకు రోగం (పేగుల్లో విషం పుట్టి హఠాత్తుగా చంపే జబ్బు) టీకా వేయించండి. బాగా మేసి బలిసిన పిల్లనే అది తీసుకుపోతుంది. పొట్టేలు పిల్లల్లో మూత్రనాళంలో రాళ్లు చేరకుండా దాణాలో ఫాస్ఫరస్‌కు దాదాపు రెట్టింపు కాల్షియం ఉండాలి. ఆవులు, గేదెల కోసం చేసిన ఖనిజ మిశ్రమం గొర్రెలకు పెట్టకండి, అందులోని రాగి (కాపర్) వీటికి విషం.

4. చేత్తోనే కాదు, తూకంతోనూ చూడండి

రెండు వారాలకోసారి ఉదయం మేతకు ముందే తూచి రాసిపెట్టుకోండి. నడుము ఎముకల మీద చేయి వేసి కొవ్వు చూడండి. ఎముక తగలనంతగా కొవ్వు పడితే, ఆపైన పెట్టే దాణా మాంసంగా మారేది తక్కువ.

5. చివరి రోజు జాగ్రత్త

నెలల శ్రమను ఒక్క రోజులో పాడుచేసుకోవచ్చు. బెదిరిన, అలసిన పిల్ల కండరాల్లో శక్తి కోసం నిల్వ ఉన్న గ్లైకోజెన్ అనే పిండి పదార్థం ఖర్చయిపోతుంది. దాంతో కోశాక మాంసంలో తగినంత ఆమ్లం పుట్టదు. పీహెచ్ (ఆమ్లాన్ని చూపే కొలత, ఆమ్లం పెరిగేకొద్దీ ఇది తగ్గుతుంది) 5.5–5.8 మధ్యకు దిగాల్సింది 6 పైనే నిలిచిపోతే మాంసం నల్లగా, జిగటగా మారి త్వరగా చెడిపోతుంది. కొత్త మందతో కలపకండి, కొట్టకండి, కుక్కతో తరమకండి. కోతకు ముందు రాత్రి మేత ఆపి నీళ్లు మాత్రం ఉంచండి. కోసిన వెంటనే ఫ్రిజ్‌లో పెట్టేస్తే కండరం బిగుసుకుపోయి మాంసం గట్టిపడుతుంది. కొన్ని గంటలు మెల్లగా చల్లబడనిచ్చాకే బాగా చల్లని చోటికి మార్చండి.