విపత్తు తర్వాత డబ్బు వ్యవహారం: ఏది ముందు, ఏది తర్వాత

ఇంట్లోకో దుకాణంలోకో వచ్చిన వరద నీళ్లు తగ్గాక ఎవరికైనా మొదట తోచేది కడిగేయడమే. కరెంటు మెయిన్ ఆపి, గోడలు కూలే ప్రమాదం లేదని తేలాక, చీపురు పట్టేముందు ఫోన్ పట్టండి, బీమా క్లెయిముకు ఆధారం కావాలి. ప్రతి గదినీ నాలుగు గోడలూ వచ్చేలా వీడియో తీయండి. గోడ మీది నీటి మరకకు టేపు ఆనించి, ఎంత ఎత్తు వచ్చిందో కనిపించేలా ఫొటో తీయండి. ఫ్రిజ్, మోటారు లాంటివాటి సీరియల్ నంబరు ఉన్న రేకును దగ్గర్నుంచి తీయండి.

అలాగని నష్టాన్ని అంచనా వేసే బీమా సర్వేయర్ వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోకూడదు. తడిసిన గోడకు 24 నుంచి 48 గంటల్లో బూజు మొదలవుతుంది. నష్టం పెరగకుండా చూసుకునే బాధ్యత మామూలుగా పాలసీదారుడిదే. నీళ్లు తోడించి ఆరబెట్టండి, ఆ ఖర్చుల రసీదులు దాచండి. పాడైన సామాను మాత్రం పారేయొద్దు. కుళ్లేవైతే లెక్క రాసి, ఫొటో తీసి, పారేయడానికి బీమా కంపెనీ అనుమతిని రాతపూర్వకంగా తీసుకోండి.

క్లెయిము ఫారంలో ఊహలు రాయకండి. 2005లో కత్రినా తుఫాను తర్వాత అమెరికాలో, గాలి నష్టానికి వర్తించే ఇంటి పాలసీలు వరదకు వర్తించక, ఏ నష్టం గాలిది, ఏది నీటిది అని ఏళ్ల తరబడి దావాలు నడిచాయి. పైకప్పు ముందు ఎగిరిందా, నీళ్లు ముందు వచ్చాయా, ఎన్ని గంటలకు అన్నది చూసింది చూసినట్టు రాయండి.

చాలామంది దెబ్బతినేది తక్కువ మొత్తానికి బీమా చేయడం వల్ల. 20 లక్షల ఆస్తికి 12 లక్షలకే పాలసీ తీసుకున్నారనుకుందాం. 5 లక్షల నష్టం జరిగితే, పాలసీలో సగటు నిబంధన (ఆస్తి విలువలో ఎంత భాగానికి బీమా చేస్తే నష్టంలోనూ అంత భాగమే ఇచ్చే షరతు) ఉంటే వచ్చేది అదే నిష్పత్తిలో 3 లక్షలే. 12 లక్షల హద్దు దాటలేదు కదా అనే వాదన అక్కడ చెల్లదు. దానికి తోడు తరుగుదల: పదేళ్లు మన్నే మిషన్‌కు ఆరేళ్లు నిండితే, కొత్తది కొనేంత ఇచ్చే పాలసీ కాకపోతే, ఏటా సమానంగా తీసేసే లెక్కలో 40 శాతమే మిగులుతుంది. మరమ్మతుకు అప్పు చేసేముందు ఈ రెండు లెక్కలూ వేసుకోండి.

క్లెయిము డబ్బు వచ్చేదాకా చేతిలో ఉన్న నగదే ఆధారం. తిండి, మందులు, తలదాచుకునే చోటు, బీమా ప్రీమియం ముందు. అప్పుల వాయిదాలకు గడువు తప్పకముందే బ్యాంకుకు ఉత్తరం ఇచ్చి వ్యవధి అడగండి. వాయిదా ఆగినా వడ్డీ ఆగదు: 10 లక్షల అప్పుకు ఏడాదికి 12 శాతమైతే, మూడు నెలలకే 30 వేల పైచిలుకు అప్పులో కలుస్తుంది. అవసరమైనన్ని నెలలే అడగండి. ఊరంతా ఒకేసారి ఇళ్లు బాగు చేయించుకుంటుంటే కూలీ, సామాను ధరలు పెరుగుతాయి. మేస్త్రీకి మొత్తం ముందే ఇవ్వకుండా, ఏ దశ పని పూర్తయితే దానికే చెల్లించండి.

వ్యాపారులకు పాడైన సరుకు కంటే మూతపడ్డ రోజులే ఎక్కువ నష్టం కావచ్చు. నెలకు 3 లక్షల అమ్మకాల్లో సరుకు ఖర్చు 2 లక్షలైతే, మూతపడ్డ ప్రతి నెలా పోయేది లక్ష. అద్దె, జీతాలు అందులోంచే కట్టాలి. ఇలా మూతపడ్డప్పుడు పోయే ఆదాయానికి ఇచ్చే వ్యాపార అంతరాయ బీమా ఉంటే ఈ లెక్కకు ఆధారం పాత నెలల పుస్తకాలు, పన్ను రిటర్నులు. పుస్తకాలు తడిసిపోతే బ్యాంకు స్టేట్‌మెంట్లు, సరఫరాదారుల బిల్లులతో తిరిగి కట్టుకోవచ్చు. ఒక మెలిక ఉంది: 2011 థాయ్‌లాండ్ వరదలప్పుడు నీటి చుక్క తగలని దూరదేశాల ఫ్యాక్టరీలు కూడా విడిభాగాలు రాక ఆగాయి. మామూలు అంతరాయ బీమా సొంత ఆస్తి దెబ్బతింటేనే వర్తిస్తుంది. సరఫరాదారు నష్టానికి విడిగా కవరు తీసుకుని ఉండాలి.

క్లెయిము ఆలస్యమవుతుంటే మధ్యంతర చెల్లింపు, అంటే తుది లెక్క తేలేలోపు కొంత డబ్బు, అడగండి. అది తీసుకునేటప్పుడు కాగితం మీద 'పూర్తి, తుది పరిష్కారం' అని ఉంటే సంతకం పెట్టకండి. నేల కింద, గోడల లోపల, వైరింగ్‌లో నష్టం వారాల తర్వాత బయటపడుతుంది, ఆ సంతకం తర్వాత దానికి అడగడం చాలా కష్టం.