ల్యాబ్‌లో ఒక్కరే కూర్చుని ఇంగ్లిష్ వినడం ఎలా నేర్చుకోవాలి?

నెల్లూరులోనో ఒంగోలులోనో కాలేజీ లాంగ్వేజ్ ల్యాబ్‌లో గంటసేపు కంప్యూటర్ ఖాళీగా దొరికితే, చాలామంది పెద్ద వీడియో ఒకటి పెట్టుకుని చివరిదాకా చూసేస్తారు. నెలంతా అలా చూసినా చెవికి దక్కేది తక్కువే. గంటకి ఒక్క నిమిషం ఆడియో చాలు.

స్క్రిప్టు, అంటే అందులోని మాటలన్నీ రాసి ఉన్న పాఠం, దొరికే ఆడియోనే ఎంచుకోండి. బీబీసీ లర్నింగ్ ఇంగ్లిష్ వారి 'సిక్స్ మినిట్ ఇంగ్లిష్' అనే ఆడియో కార్యక్రమం పనికొస్తుంది, అందులోంచి ఒక్క నిమిషం ముక్క తీసుకోండి. ల్యాబ్ నెట్‌ని నమ్ముకోకుండా ఇంట్లోనే ఫోన్‌లోకి దించుకోండి. హెడ్‌సెట్ రెండు వైపులా పలుకుతోందో లేదో ముందే చూసుకోండి.

మొదట స్క్రిప్టు తెరవకుండా రెండుసార్లు వినండి. విషయం సగం కూడా అందకపోతే ఇంకో ఆడియోకి మారండి. అందితే, ఒక్కో వాక్యం దగ్గర ఆపుతూ విన్నది విన్నట్టు కాగితం మీద రాయండి. ఒక వాక్యాన్ని ఐదుసార్ల వరకూ వినొచ్చు. అప్పటికీ అందని చోట ఖాళీ వదలండి, ఊహించి నింపొద్దు. ఆ ఖాళీలతోనే అసలు పని.

ఇప్పుడు స్క్రిప్టు తెరిచి ఎర్రపెన్నుతో దిద్దండి. తెలియని మాట వల్ల పోయిందా, తెలిసిన మాటే చెవికి చిక్కలేదా అన్నది విడివిడిగా గుర్తు పెట్టుకోండి. రెండోదే ఎక్కువగా ఉంటుంది. 'ఐ షుడ్ హ్యావ్ టోల్డ్ హిమ్' అని పుస్తకంలో ఉంటుంది, నోట్లోంచి 'ఐ షుడవ్ టోల్డిమ్' అని వస్తుంది. ఇందులో వింతేమీ లేదు. 'ఏమి చేస్తూ ఉన్నావు' అని రాసే మనం 'ఏం జేస్తుండావు' అనట్లేదూ? 'కెన్', 'కాంట్' దగ్గర కూడా చివరి 'ట్' కోసం కాచుకోకండి, చాలాసార్లు అది వినపడదు. 'ఐ కెన్ గో'లో ఒత్తు, అంటే గట్టిగా పలికే ఊపు, 'గో' మీద పడి 'కెన్' నలిగిపోతుంది. 'కాంట్' అయితే దాని మీదే ఒత్తు పడుతుంది. 'ఫిఫ్టీన్', 'ఫిఫ్టీ' తేడా కూడా ఇలాగే, ఎక్కువగా ఒత్తులోనే దొరుకుతుంది.

వేగం 0.75కి తగ్గించుకోవచ్చు గానీ, చివరిసారి మామూలు వేగంలోనే వినాలి. తెలుగు సబ్‌టైటిల్స్ మాత్రం వద్దు. కన్ను చదివేస్తుంటే చెవి నిద్రపోతుంది.

చివరి పది నిమిషాలు స్క్రిప్టు మూసి, ఆడియోతో పాటే గొంతు కలిపి పలకండి. పక్కవాళ్లు చూస్తారని మొహమాటమైతే పెదాలు కదిపినా సరే. మర్నాడు కొత్తది మొదలుపెట్టే ముందు నిన్నటి నిమిషాన్ని ఒక్కసారి వినండి. ఎర్రపెన్ను పడ్డ చోట్ల ఇంకా తడబడుతుంటే, ఆ రోజు కూడా దానితోనే.