నీడ లెక్క, 4వ పాఠం: ఆ 2.15 మీటర్ల సన్‌షేడ్

గత పాఠం చివర ఒకే లెక్క ఇచ్చాను. చెన్నైలో నేరుగా దక్షిణానికి తిరిగిన గోడ. కిటికీ ఎత్తు 1.2 మీటర్లు. మార్చి 21, సౌర సమయం (సూర్యుడు నడినెత్తి గీతను దాటే క్షణాన్ని 12గా లెక్కించే సమయం) ఉదయం 8 గంటలు. గాజు మీద ఎండ పడకుండా సన్‌షేడ్ ఎంత బయటికి రావాలి? ఎక్కువమంది 2.15 మీటర్లు అని రాశారు. జవాబు 28 సెంటీమీటర్లు.

ఈసారి లూవర్లు (ఎండను ఆపడానికి వరసగా పెట్టే పలకలు), జాలీలు (చిల్లుల అడ్డుగోడలు) మొదలుపెట్టాల్సింది. కానీ ఈ తప్పు సరిదిద్దుకోకుండా అక్కడికి వెళ్తే ప్రతి లూవర్ దగ్గరా ఇదే తప్పు మళ్లీ వస్తుంది. అందుకే ఈ పాఠమంతా దీనికే. ఎత్తుకోణం (సూర్యుడు క్షితిజం నుంచి ఎన్ని డిగ్రీలు పైన ఉన్నాడో), దిక్కుకోణం (ఉత్తరం నుంచి తూర్పు మీదుగా ఎన్ని డిగ్రీల దగ్గర ఉన్నాడో) పట్టిక నుంచి తీయడం మీ అందరికీ సరిగ్గానే వచ్చింది కాబట్టి దాన్ని మళ్లీ చెప్పను. ఎక్సెల్ వాడేవాళ్లు డిగ్రీలను రేడియన్లలోకి మార్చడం మాత్రం మర్చిపోకండి.

ముందు మీరు చేసింది చూద్దాం. ఆ వేళకి సూర్యుడి ఎత్తుకోణం 29.2°. టాన్ 29.2° అంటే 0.558. 1.2 ÷ 0.558 = 2.15. అంకగణితంలో తప్పు లేదు. కిటికీ పైఅంచు మట్టం నుంచి సిల్ (కిటికీ అడుగు అంచు) మట్టానికి, అంటే 1.2 మీటర్లు కిందికి దిగేలోపు కిరణం నేలకు సమాంతరంగా 2.15 మీటర్లు ప్రయాణిస్తుంది. ఇదీ నిజమే. అయితే ఆ 2.15 మీటర్లూ ఏ దిక్కుగా నడిచాయి? ఈ ప్రశ్న వేసుకోకపోవడమే తప్పు.

ప్లాన్ గీయండి. గోడ అడ్డంగా ఒక గీత, దానికి లంబంగా దక్షిణం వైపు ఒక గీత. మార్చి 21 ఉదయం 8కి సూర్యుడి దిక్కుకోణం ఉత్తరం నుంచి 97.4°, అంటే తూర్పుకి కాస్త దక్షిణంగా. మన గోడ చూసేది 180° వైపు. రెండింటి తేడా 82.6°. దీన్నే అడ్డ నీడకోణం అంటాం. కిరణం గోడలోకి సూటిగా రావడం లేదు, గోడ పక్కగా రాసుకుంటూ వస్తోంది. అది నడిచిన 2.15 మీటర్లలో గోడకు లంబంగా నడిచింది ఎంత? 2.15 × కాస్ 82.6° = 2.15 × 0.129 = 0.28 మీటర్లు. మిగతా నడక గోడ పొడవునా పోయింది: 2.15 × సైన్ 82.6° = 2.13 మీటర్లు.

సన్‌షేడ్ లోతును గోడకు లంబంగా కొలుస్తాం కాబట్టి మనకు కావలసింది 28 సెంటీమీటర్లే. 2.13 కూడా పారేసే అంకె కాదు, కాసేపట్లో వాడతాం.

సూత్రంగా రాస్తే ఇదీ:

లోతు = (ఎత్తు ÷ టాన్ ఎత్తుకోణం) × కాస్ అడ్డ నీడకోణం

పుస్తకాల్లో ఇదే సంగతి ఇంకోలా ఉంటుంది. ముందు నిలువు నీడకోణం కనుక్కోమంటారు: దాని టాన్ = టాన్ ఎత్తుకోణం ÷ కాస్ అడ్డ నీడకోణం. తర్వాత ఎత్తును ఆ టాన్‌తో భాగించమంటారు. రెండూ ఒకటే. నేను మొదటి పద్ధతే వాడతాను, ఎందుకంటే అందులో కిరణం ఎటు నడిచిందో ప్రతి మెట్టులోనూ కనిపిస్తుంది. పరీక్షలో మాత్రం నిలువు నీడకోణం విడిగా రాయండి, దానికి మార్కులుంటాయి. సెక్షన్ డ్రాయింగ్‌లో (గోడను నిలువుగా కోసి చూపే బొమ్మలో) సిల్ అంచు నుంచి సన్‌షేడ్ కొసకు గీసే వాలుగీత కోణం కూడా అదే. సెక్షన్‌లో ఎత్తుకోణం గీసి "సూర్యకిరణం" అని పేరు పెట్టిన షీట్లు ఎన్నో కనిపిస్తాయి. సూర్యుడు గోడకు సరిగ్గా ఎదురుగా ఉన్న క్షణంలో తప్ప ఆ గీత అబద్ధం.

మరి ఇంతకాలం ఈ తప్పు ఎందుకు బయటపడలేదు? రెండో పాఠంలో మనం పడమటి గోడతో మొదలుపెట్టాం. ఏప్రిల్ 24, సాయంత్రం 4 గంటలకు చెన్నైలో ఎత్తుకోణం 31.7°, దిక్కుకోణం 277.4°. పడమటి గోడ 270° చూస్తుంది కాబట్టి తేడా 7.4° మాత్రమే. కాస్ 7.4° అంటే 0.99. ఎత్తుకోణంతో చేస్తే 1.94 మీటర్లు, సరిగ్గా చేస్తే 1.93. సూర్యుడు ఎదురుగా ఉన్నాడు కనుక తప్పుదారిలో వెళ్లినవాళ్లకీ సరైన జవాబే దొరికింది. డిసెంబరు 21 మధ్యాహ్నం 12కి దక్షిణ గోడ లెక్క కూడా ఇలాంటిదే. ఎత్తుకోణం 53.5°, తేడా సున్నా, ఎలా చేసినా 89 సెంటీమీటర్లు. అదే రోజు ఉదయం 10కి చేయండి. ఎత్తుకోణం 43.2°, దిక్కుకోణం 141°, తేడా 39°. ఎత్తుకోణంతో 1.28 మీటర్లు వస్తుంది, నిజానికి 99 సెంటీమీటర్లు చాలు.

గోడ దగ్గరే సరిచూసుకునే పద్ధతి ఒకటుంది. సెప్టెంబరు 22 లేదా 23న ఎండ పడుతున్న దక్షిణ గోడ మీద 10 సెంటీమీటర్ల పుల్లను లంబంగా ఆనించి పట్టుకోండి. మట్టం పెట్టి చూసుకోండి, పుల్ల రెండు డిగ్రీలు వంగినా అంకెలు పాడవుతాయి. నీడ కొస పుల్ల మొదలు నుంచి కిందికి ఎంత దిగింది, పక్కకి ఎంత జరిగింది, రెండూ విడివిడిగా కొలవండి. కిందికి దిగినదాన్ని 10తో భాగిస్తే నిలువు నీడకోణం టాన్, పక్కకి జరిగినదాన్ని భాగిస్తే అడ్డ నీడకోణం టాన్. సౌర సమయం 8కి కిందికి 43, పక్కకి 77 సెంటీమీటర్లు రావాలి. 10 గంటలకి కిందికి 43, పక్కకి 26. మధ్యాహ్నం 12కి కిందికి 43, పక్కకి ఏమీ ఉండదు. కిందికి దిగే కొలత రోజంతా మారదు. విషువత్తు రోజు, అంటే పగలూ రాత్రీ సమానమయ్యే రోజు, దక్షిణ గోడ మీద నీడ కొస అడ్డంగా తిన్నని గీత గీస్తూ పోతుంది. నిలువు నీడకోణం పొద్దున్నుంచి సాయంత్రం దాకా 77°, అంటే 90 లోంచి మన అక్షాంశం 13 తీసేస్తే వచ్చేది. ఎత్తుకోణం మాత్రం సున్నా నుంచి 77 దాకా ఎక్కి మళ్లీ దిగుతుంది. ఈ రెండు కోణాలూ వేరని ఇంతకన్నా సూటిగా చూపించే రోజు లేదు, ఆ లెక్కకు మార్చి 21 ఎంచుకున్నది అందుకే.

గడియారం సంగతి. పైన చెప్పినదంతా సౌర సమయం. మన గడియారం 82.5° తూర్పు రేఖాంశానిది. చెన్నై 80.27° దగ్గర ఉంది కాబట్టి గడియారం వేళ కావాలంటే సౌర సమయానికి 9 నిమిషాలు కలపాలి. బెంగళూరుకి, 77.59° కాబట్టి, 20 నిమిషాలు. దీని మీద ఋతువును బట్టి ఇంకో సవరణ ఉంటుంది, ఫిబ్రవరిలో 14 నిమిషాల దాకా కలపాల్సి వస్తుంది, నవంబరు మొదట్లో 16 నిమిషాల దాకా తీసేయాలి. అక్షాంశం మాత్రం రెండు ఊళ్లకీ దాదాపు 13 డిగ్రీలే. అందుకని ఈ పాఠంలో కోణాలన్నీ బెంగళూరులో ఉన్నవాళ్లకీ అలాగే పనికొస్తాయి.

ఇప్పుడు గోడ కొంచెం తిరిగితే ఏమవుతుందో చూడండి. చాలా ప్లాట్లు దిక్కులకు సరిగ్గా ఉండవు. అదే దక్షిణ గోడ పడమటికి 20° తిరిగి 200° వైపు చూస్తోందనుకోండి. మార్చి 21 సాయంత్రం 4కి సూర్యుడు 262.6° దగ్గర ఉంటాడు. తేడా 62.6°, కాస్ 0.46. లోతు 99 సెంటీమీటర్లు. 28 కాస్తా 99 అయింది! సర్వే షీటులో "దక్షిణం" అన్న మాట నమ్మి కిటికీ లెక్క వేయకండి, గోడ ఎన్ని డిగ్రీలు చూస్తోందో అంకె రాసుకోండి. అదే గోడకి ఉదయం 8కి తేడా 102.6° వస్తుంది. 90 దాటింది, కాస్ రుణసంఖ్య, జవాబు మైనస్‌లో వస్తుంది. గుర్తు చెరిపేసి ఆ అంకె వాడొద్దు. సూర్యుడు గోడ వెనక ఉన్నాడని దాని అర్థం, ఆ వేళకి ఆ కిటికీకి సన్‌షేడ్ అక్కర్లేదు.

ఇక ఆ 2.13 మీటర్లు. 28 సెంటీమీటర్ల లోతు చాలు అన్నప్పుడు సన్‌షేడ్ పక్కలకు ఎంతదూరమైనా ఉందని అనుకున్నాం. నిజం కిటికీకి సన్‌షేడ్ జాంబ్ (కిటికీ పక్క అంచు) దాటి 15 సెంటీమీటర్లు ఉంటే గొప్ప. పక్కనుంచి వచ్చే ఎండ ఆ కొస దాటి లోపలికి జారుతుంది. పూర్తిగా ఆపాలంటే పక్కకి ఎంత పొడిగించాలో చెప్పేది లోతు × టాన్ అడ్డ నీడకోణం. ఇక్కడ అది 2.13 మీటర్లు. ఎవరూ అంత పొడిగించరు. అడ్డ నీడకోణం 60° దాటితే సన్‌షేడ్ పొడిగించడం మానేసి పక్కన నిలువు ఫిన్ (గోడలోంచి బయటికి వచ్చే నిలువు పలక) పెట్టండి. ఫిన్ నీడ గోడ మీద పరుచుకునే వెడల్పు = ఫిన్ లోతు × టాన్ అడ్డ నీడకోణం. సూర్యుడు ఎంత పక్కగా ఉంటే ఫిన్ అంత బాగా పనిచేస్తుంది. ఎదురుగా ఉంటే అసలు పనిచేయదు. పడమటి గోడకి 7.4° దగ్గర లంబంగా నిలబెట్టిన ఫిన్‌లు సిమెంటు దండగ.

చెన్నైలో చదివేవాళ్లు ఉత్తరం కిటికీని మర్చిపోకండి. ఉత్తరానికి ఎండ రాదు అన్న మాట ఉత్తరాది అక్షాంశాల కోసం రాసిన పుస్తకాలది. 13° దగ్గర ఏప్రిల్ 24 నుంచి ఆగస్టు 18 దాకా మధ్యాహ్నం సూర్యుడు ఉత్తరం వైపే ఉంటాడు. మే, జూన్ నెలల ఎండ అందులోనే పడుతుంది. జూన్ 21 మధ్యాహ్నం 12కి ఉత్తర గోడకి 22 సెంటీమీటర్లు చాలు. సాయంత్రం 4కి ఎత్తుకోణం 32.4°, దిక్కుకోణం 289.7°, ఉత్తరం నుంచి తేడా 70.3°. లోతు 64 సెంటీమీటర్లు, పక్కకి పొడిగింపు 1.78 మీటర్లు. ఇక్కడే ఫిన్ కావాలి. 1.2 మీటర్ల వెడల్పు కిటికీకి పడమటి జాంబ్ దగ్గర 43 సెంటీమీటర్ల ఫిన్ ఒక్కటే ఆ వేళకి మొత్తం గాజును కప్పుతుంది. ఉదయం 8కి ఇదే లెక్క తూర్పు జాంబ్ వైపు. రెండు ఫిన్‌లూ పైన సన్‌షేడూ కలిపి బాక్స్‌లా కట్టడం ఉత్తర గోడకే బాగా అర్థవంతం, మన వీధుల్లో మాత్రం అది ముఖద్వారం వైపు అందానికి కడుతున్నారు.

బెంగళూరులో డిసెంబరు ఉదయాలు చల్లగా ఉంటాయి, దక్షిణం కిటికీలోంచి కొంత ఎండ రానివ్వడమే మేలు. 60 సెంటీమీటర్ల సన్‌షేడ్ పెడితే డిసెంబరు 21 మధ్యాహ్నం నీడ 81 సెంటీమీటర్లు దిగుతుంది, కింద 39 సెంటీమీటర్ల గాజుకి ఎండ తగులుతుంది. అక్కడ నేను దక్షిణానికి 60 దాటను. చెన్నైలో ఆ ఎండ ఎవరికీ అక్కర్లేదు, 75 దాకా వెళ్తాను.

ఎత్తు ఎక్కడినుంచి కొలవాలి అన్నదీ చాలామంది తప్పారు. సిల్ నుంచి సన్‌షేడ్ అడుగుభాగం దాకా కొలవాలి. కిటికీ పైఅంచుకి 30 సెంటీమీటర్ల పైన సన్‌షేడ్ వేస్తే ఎత్తు 1.5 అవుతుంది, లోతూ ఆ మేరకు పెరుగుతుంది. అందుకే లింటెల్‌తో (కిటికీ పైన గోడ బరువు మోసే దూలంతో) కలిపి పోయడమే మంచిది. లోతును మాత్రం నేను గాజు నుంచి కొలుస్తాను. 230 మిల్లీమీటర్ల గోడలో ఫ్రేమును లోపలి వైపుకి జరిపితే గాజు ముందు 15 సెంటీమీటర్లు ఉచితంగా దొరుకుతాయి, జాంబులు చిన్న ఫిన్‌లుగా కూడా పనిచేస్తాయి. జూన్ సాయంత్రం 70.3° దగ్గర ఆ 15 సెంటీమీటర్ల జాంబ్ 42 సెంటీమీటర్ల వెడల్పు నీడ ఇస్తుంది. స్లైడింగ్ కిటికీని బయటి అంచుకి తెచ్చి బిగించారంటే ఇదంతా పోయినట్టే, కాబట్టి ఫ్రేము స్థానం డ్రాయింగులో కొలతతో రాయండి.

లోతు తేలాక, సైటులో ఒకటి చూసుకోవాలి. సన్‌షేడ్ గోడలోంచి వేలాడే స్లాబు. మెయిన్ రాడ్లు పైభాగంలో ఉండాలి, లింటెల్‌లోకి సరిపడా లంగరు పడాలి. కాంక్రీటు పోసేటప్పుడు కూలీలు తొక్కితే రాడ్లు కిందికి దిగిపోతాయి, స్లాబు మొదట్లోనే పగులుతుంది. రాడ్లు నిలిచేలా చెయిర్లు (వాటిని పైకి ఎత్తిపట్టే వంచిన కమ్మీలు) పెట్టించి, పోసేముందు చేత్తో తాకి చూడండి. అడుగున కొస దగ్గర నీటి గాడి లేకపోతే ఈశాన్య ఋతుపవనంలో నీళ్లు వెనక్కి పాకి లింటెల్ చెమ్మగిల్లుతుంది.

అభ్యాసం. 200° చూసే గోడ, 1.2 × 1.2 కిటికీ, గాజు గోడ బయటి ముఖానికే ఉంది. డిసెంబరు 21, మార్చి 21, జూన్ 21, మూడు రోజులకీ ఉదయం 8 నుంచి సాయంత్రం 4 దాకా గంటగంటకీ లోతు, పక్క పొడిగింపు, రెండూ కట్టండి. మొత్తం 27 వరసలు. ఎక్సెల్ వాడొచ్చు, కానీ ప్రతి రోజుకీ ఒక వరసను చేత్తో ప్లాన్ గీసి చేయండి. సరిచూసుకోవడానికి: డిసెంబరు 21 ఉదయం 10కి 66 సెంటీమీటర్లు, మధ్యాహ్నం 2కి 1.21 మీటర్లు రావాలి. రెండు వేళలకీ ఎత్తుకోణం ఒకటే అయినా లోతు దాదాపు రెట్టింపు ఎందుకయిందో రెండు వాక్యాల్లో రాయండి. జూన్ 21 సాయంత్రం 4కి మీకు ఒక సెంటీమీటరు వస్తుంది, పక్క పొడిగింపు మాత్రం 1.9 మీటర్ల దగ్గర వస్తుంది. అది తప్పు కాదు. ఆ కిరణాన్ని ప్లాన్‌లో గీసి, ఆ కిటికీకి సన్‌షేడ్ పెంచాలో, ఫిన్ పెట్టాలో, ఏమీ అక్కర్లేదో తేల్చి కారణంతో పంపండి.