రవ్వల దుద్దులు కొనేటప్పుడు రాయి కన్నా ముందు బిల్లు చూడండి

మా పెద్దమ్మాయి పెళ్ళికి 2014లో ఏడు రాళ్ళ వజ్రాల దుద్దులు కొన్నాం. మా వైపు షాపింగ్ మాల్ అంటే కింద చీరలు, పైన పట్టు, ఒక పక్క అద్దాల గదిలో నగలు. పట్టుచీరలు తీసుకున్న ఊపులోనే ఆ అద్దాల గదిలోకి వెళ్ళాం. కౌంటర్లో కుర్రాడు "వీవీఎస్ అండి, ఈ సైజులో ఇంతకన్నా మంచిది రాదండి" అన్నాడు. వీవీఎస్ అంటే ఏమిటో నాకు తెలీదు, అడగడానికి మొహమాటం. మా అత్తగారు అటూ ఇటూ తిప్పి "ధగధగలాడుతున్నాయే" అన్నారు. అంతే, బిల్లు కొట్టించేశాం.

ఐదేళ్ళకి మా చెరువుకి వైట్ స్పాట్ తగిలి రొయ్య మొత్తం పోయింది. మేత బాకీ తీర్చడానికి అమ్మాయే ఆ దుద్దులు తీసి నా చేతిలో పెట్టింది. కొన్న షాపు అప్పటికి మా ఊళ్ళో ఎత్తేశారు. ఇంకో షాపులో ఇస్తే కాటాలో పెట్టి, బిల్లు తిరగేసి చూసి, "బంగారానికైతే కట్టిస్తామమ్మా, రాళ్ళకి మేం విలువ కట్టలేం" అన్నాడు. ఆయన తప్పేమీ లేదు. మా బిల్లులో ఉన్నది ఒకే ఒక్క వరస: డైమండ్ దుద్దులు, ఒక జత, ఇంత. రాళ్ళ బరువు లేదు, రకం లేదు. ఉన్నదల్లా ఆ షాపువాళ్ళే అచ్చు వేసుకున్న గ్యారెంటీ కార్డు.

కాబట్టి నా పద్ధతి ఇది. నగ నచ్చగానే "ఎంత" అని అడగను. ఎస్టిమేట్ కాగితం మీద విడివిడిగా రాసివ్వమంటాను. బంగారం, రాళ్ళు, మజూరీ, జీఎస్టీ. ఈ నాలుగూ వేరువేరుగా రాయలేని చోట ఎంత మెరిసినా కొనను.

ముందు బరువులు. ఒక క్యారెట్ అంటే 200 మిల్లీగ్రాములు, అంటే ఐదు క్యారెట్లు కలిస్తే ఒక గ్రాము. క్యారెట్‌కి 100 సెంట్లు, మన పొలం లెక్కే. దుద్దుకి ఏడు చొప్పున జతకి 14 రాళ్ళు. ఒక్కోటి 5 సెంట్లయితే, అంటే నువ్వుగింజంత, మొత్తం 70 సెంట్లు. అది 0.14 గ్రాము. జత బరువు 6.14 గ్రాములు తూగితే బంగారం సరిగ్గా 6 గ్రాములే. కొన్నిచోట్ల మొత్తం బరువుకి బంగారం రేటు వేసి, రాళ్ళకి మళ్ళీ వేరే వేస్తారు. నెట్ బరువు, అంటే రాళ్ళు తీసేస్తే మిగిలే బంగారం బరువు, ఎంతో చూపించమనండి.

ఇంకోటి, రవ్వల నగ సాధారణంగా 18 క్యారెట్ల బంగారంలో చేస్తారు. ఇక్కడ క్యారెట్ అంటే బరువు కాదు, బంగారం స్వచ్ఛత; మేలిమి అంటే 24. రాయిని పట్టుకోవాలంటే గట్టిదనం కావాలి. 22 క్యారెట్ల రేటు దీనికి వేయకూడదు. లెక్క సులువుకి మేలిమి గ్రాము 10,000 అనుకుంటే 18 క్యారెట్లది 7,500. ఆరు గ్రాములకి 45,000. రాళ్ళు క్యారెట్ 90,000 చొప్పున 63,000. మజూరీ 7,000. మొత్తం 1,15,000, దాని మీద 3% జీఎస్టీ 3,450. అంటే 1,18,450 కట్టి గుమ్మం దిగగానే మజూరీ, జీఎస్టీ కలిపి 10,450 తిరిగిరాని డబ్బు. ఇది మోసం కాదు, నగంటే అంతే. కానీ ఆ అంకె కొనకముందే తెలియాలి. ఆషాఢంలో "మజూరీ మీద 50% తగ్గింపు" బోర్డు చూసి పరుగెత్తేవాళ్ళు రాళ్ళ రేటు క్యారెట్‌కి ఎంత వేశారో కూడా చూడాలి. మజూరీలో తగ్గించింది రాయిలో కలిపేస్తే మనకి ఒరిగేదేమీ లేదు.

అసలు గారడీ అంతా "మొత్తం క్యారెట్లు" అన్న మాటలో ఉంది. "ఈ ఉంగరం ఒక క్యారెట్ అండి" అంటే ఒక్క రాయి క్యారెట్టా, ఇరవై చిన్న రాళ్ళు కలిపి క్యారెట్టా అని అడగండి. మా ఆయనకి ఇది చెప్పగానే నవ్వేశారు: "వంద కౌంట్ రొయ్యకి ముప్పై కౌంట్ రేటు ఎవడిస్తాడు?" కిలోకి ముప్పై తూగే రొయ్యా వంద తూగే రొయ్యా రెండూ కిలోయే, ధర ఒకటి కాదు. రాయీ అంతే. పెద్ద రాయి దొరకడం అరుదు, అందుకే క్యారెట్ రేటు సైజుతో పాటు పెరుగుతుంది. అర క్యారెట్, ఒక క్యారెట్ లాంటి గుండ్రటి అంకెల దగ్గర ధర ఒక్కసారి ఎగురుతుంది. ఒంటిరాయి ఉంగరం కొనేవాళ్ళు 50 సెంట్లకి బదులు 46, 47 సెంట్ల రాయి అడగండి. వేలికి పెట్టుకుంటే తేడా ఎవరికీ తెలీదు.

తర్వాత సర్టిఫికెట్. జీఐఏ, ఐజీఐ లాంటి బయటి ల్యాబ్‌ది కావాలి. షాపు సొంత కార్డు చెల్లదు. ఒంటిరాయి అయితే రాయి అంచున నంబరు లేజర్‌తో చెక్కి ఉందేమో అడగండి, భూతద్దంలో చూపిస్తారు. ఆ నంబరు ల్యాబ్ వెబ్‌సైట్లో కొడితే వివరాలు వస్తాయి. దుద్దుల్లాంటి వాటికి నగ మొత్తానికి ఒకే సర్టిఫికెట్ ఉంటుంది, పొదిగాక కనబడినంత మేరకే గ్రేడ్ ఇస్తారు. హాల్‌మార్క్ ఉంది కదా అనకండి. ఆ ముద్ర, అక్షరాలూ అంకెలూ కలిపి ఆరుండే హెచ్‌యూఐడీ అనే నగ గుర్తింపు నంబరు బంగారానికే, రాయికి కాదు. అయినా ప్రభుత్వ బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొట్టి చూడండి, అర నిమిషం పని.

రంగు డి నుంచి జెడ్ దాకా ఉంటుంది. డి అంటే నీళ్ళలా ఏ రంగూ లేనిది, కిందికి పోయేకొద్దీ పసుపు ఛాయ. పసుపు బంగారంలో పొదిగే నువ్వుగింజ రాళ్ళకి డి, ఇ రంగులకి డబ్బు పోయడం నా దృష్టిలో దండగ. జి, హెచ్ చాలు. మచ్చల సంగతికొస్తే, వీవీఎస్, వీఎస్ అనేవి రాయిలో మచ్చలు ఎంత తక్కువో చెప్పే గ్రేడ్లు, వీవీఎస్ పైది. ఆ రెండింటికీ తేడా మామూలు కంటికి తెలియదు. పది రెట్లు పెంచే భూతద్దం ఉన్నా అలవాటైన కళ్ళు కావాలి. వీఎస్ తీసుకుని, ఆ మిగిలే డబ్బు కటింగ్ బాగున్న రాళ్ళకి పెట్టండి, మెరుపు వచ్చేది అక్కడినుంచే.

కటింగ్ చూడటానికి కౌంటర్ మీది లైట్లు పనికిరావు. వాటి కింద గాజుముక్క కూడా మెరుస్తుంది. మా రెండో అమ్మాయికి కొన్నప్పుడు "మెట్ల దగ్గర కిటికీలో చూస్తాం బాబూ" అన్నాను. "ఆయ్, రండి" అని ట్రే పట్టుకుని తనే వచ్చాడు. నీడలో, పగటి వెలుతురులో, ముందు మెత్తటి గుడ్డతో తుడిపించి, మెల్లగా తిప్పి చూశాం. ఎడమ దుద్దులో కింది రాయి ఒకటి నడిమధ్య చీకటిగా ఉంది. మిగతా ఆరూ వెలిగినప్పుడల్లా అదొక్కటే ఆరిపోయిన బల్బులా ఉండేది. లైట్ల కింద అదే రాయి మిగతావాటితో సమానంగా మెరిసింది. ఆ జత పక్కన పెట్టించాను. తీసుకున్న జతని పట్టుచీర కొంగు మీద మెల్లగా జరిపి చూశాను. పోగు పట్టుకుంటే రాయిని పట్టి ఉంచే కొక్కీ లేచి ఉందన్నమాట. రాళ్ళ వెనకవైపు తెరిచి ఉండేలా పొదిగిన నగే తీసుకోండి, కడగడానికి వీలుగా ఉంటుంది. వజ్రానికి జిడ్డు ఇట్టే అంటుకుంటుంది. తలకి కొబ్బరినూనె రాసే మన ఇళ్ళలో నెలకోసారైనా సబ్బునీళ్ళతో కడగకపోతే లక్షల రాయీ చప్పగా ఉంటుంది.

ఇప్పుడు ల్యాబ్ గ్రోన్ రాళ్ళు వచ్చాయి. యంత్రాల్లో పెంచిన నిజమైన వజ్రాలే. కౌంటర్లో పెన్నులాంటి టెస్టర్ పెట్టి "బీప్ వచ్చింది చూడండి" అంటారు. ల్యాబ్ రాయికీ బీప్ వస్తుంది, వజ్రంలా కనబడే మొయిసనైట్ అనే వేరే రాయికీ చాలా టెస్టర్లలో వస్తుంది. రోజూ పెట్టుకోవడానికి ల్యాబ్ రాయి చవకలో బాగానే ఉంటుంది, ఆ ధరకే ఇస్తే. దాన్ని ఆస్తి లెక్కలో మాత్రం వేయకండి. సహజ వజ్రం అని చెబితే బిల్లులో "నేచురల్" అని రాయించుకోండి.

చివరగా తిరిగి ఇచ్చే లెక్క. మార్పిడికి ఎంత, నగదుకి ఎంత, రాళ్ళకి తిరిగి ఇచ్చే రోజు రేటా నేను కొన్న రేటా, ఏ బ్రాంచిలోనైనా తీసుకుంటారా. ఈ నాలుగు ప్రశ్నలకీ జవాబు బిల్లు వెనకాల మేనేజర్ చేత రాయించి స్టాంపు వేయించాను. ఆయన కాస్త విసుక్కున్నాడు, రాశాడు. మిషన్ బిల్లు మీద అక్షరాలు ఏడాదీ రెండేళ్ళకి వెలిసిపోతాయని బస్టాండ్ దగ్గరే రెండు వైపులా జిరాక్స్ తీయించాను. ఒకటి అమ్మాయికిచ్చాను, ఒకటి మా పొలం దస్తావేజుల సంచిలో ఉంది.