ఇంటికి మంచి ఉప్పు ఎంచుకోవడం ఎలా?

మా నెల్లూరు వైపు వంటింట్లో రెండు ఉప్పులు ఉండటం పాత అలవాటు. జాడీలో కల్లుప్పు, పొయ్యి పక్కన డబ్బాలో మెత్తటి ఉప్పు. ఈ అలవాటు మానుకోవద్దనే నేను చెబుతాను. చేపలు కడగడానికి పనికొచ్చే కల్లుప్పు గళ్ళు పెరుగన్నంలో పంటికింద రాళ్ళలా తగులుతాయి. మెత్తటి ఉప్పుతో చేపలు రుద్దితే జిగురు సరిగా వదలదు. అన్నీ వేసి చూడు, నన్ను వేసి చూడు అంటుందట ఉప్పు. అంత పెద్ద మాట అనిపించుకున్న సరుకును కొట్లో చేతికందిన ప్యాకెట్‌తో సరిపెట్టుకోవడం నాకు నచ్చదు.

ఉప్పు ఎలా పండుతుందో తెలిస్తే కొనేటప్పుడు ఏం చూడాలో తెలుస్తుంది. లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. మన తీరంలో ఇసుకపల్లి, చినగంజాం లాంటి చోట్ల కొటార్లలో, అంటే ఉప్పు పండించే మడుల్లో, ఆ నీటిని మడి నుంచి మడికి పారిస్తూ ఎండకు చిక్కబరుస్తారు. ఏడాది చివరి వానలు వెళ్ళాక పని మొదలై ఎండాకాలమంతా సాగుతుంది. నీరు చిక్కబడేకొద్దీ ముందు జిప్సం పేరుకుంటుంది, ఆ తర్వాత మనం తినే ఉప్పు గడ్డకడుతుంది. చివరికి మిగిలే నీళ్ళలో మెగ్నీషియం లవణాలు ఎక్కువ, నాలుకకు చేదు తగులుతుంది. ఆ నీళ్ళను సమయానికి బయటికి వదిలేయాలి. వదలకపోతే చేదు ఉప్పుకు అంటుకుంటుంది. గాలిలో తడిని లాక్కునేది కూడా ఆ మెగ్నీషియమే. అందుకే వానాకాలం కాకపోయినా చెమ్మగా ఉండే ఉప్పును నేను అనుమానంగా చూస్తాను.

ముందు అయోడిన్ సంగతి

కొనేటప్పుడు మొదట ప్యాకెట్ మీద 'అయోడైజ్డ్' అని ఉందో లేదో చూడండి. మన తీర ప్రాంతంలో చాలామంది ఒక పొరపాటు పడుతుంటారు. సముద్రపు ఉప్పే కదా, అందులో అయోడిన్ ఉండనే ఉంటుంది అనుకుంటారు. సముద్రపు నీటిని ఎండబెట్టి తీసిన ఉప్పులో సహజంగా మిగిలే అయోడిన్ చాలా తక్కువ, మన శరీరానికి చాలదు. అయోడిన్ చాలకపోతే గొంతు దగ్గర థైరాయిడ్ గ్రంథి వాస్తుంది. కడుపులో ఉన్న బిడ్డ మెదడు ఎదుగుదల కూడా దెబ్బతింటుంది. అందుకే అయోడిన్ కలపని ఉప్పును నేరుగా తినడానికి అమ్మకూడదని మన దేశంలో నిబంధన ఉంది. మన చేతికి వచ్చేసరికి కిలో ఉప్పులో కనీసం 15 మిల్లీగ్రాముల అయోడిన్ ఉండాలి. గర్భిణులు, చిన్నపిల్లలు ఉన్న ఇంట్లో ఈ ఒక్క విషయంలో రాజీ పడకండి. కల్లుప్పులో కూడా అయోడిన్ కలిపినది దొరుకుతుంది, అడిగి తీసుకోండి.

ఇంట్లో పరీక్ష కూడా చేసుకోవచ్చు. బంగాళదుంప కోసి, కోసిన వైపు ఉప్పు రాసి ఒక నిమిషం ఆగండి. తర్వాత రెండు చుక్కల నిమ్మరసం వేయండి. నీలం రంగు వస్తే అయోడిన్ ఉన్నట్టే.

తర్వాత కల్లుప్పు

గుప్పెట్లోకి తీసుకుని పిసికి వదలండి. గళ్ళు విడివిడిగా రాలాలి, అరచేయి తడి కాకూడదు. ఒక గల్లు నాలుక మీద పెట్టుకోండి. ఉప్పదనం తర్వాత చేదు మిగిలితే ఆ ఉప్పు వద్దు. ఇక గ్లాసు నీళ్ళలో చెంచా ఉప్పు వేసి కలిపి కాసేపు కదపకుండా ఉంచండి. అడుగున మట్టి పేరుకున్నా, నీళ్ళు సుద్ద కలిపినట్టు తెల్లబడినా పక్కన పెట్టేయండి. రంగు చూసి మాత్రం మోసపోకండి. కొంచెం బూడిద రంగులో ఉన్నంత మాత్రాన చెడ్డదీ కాదు, మల్లెపువ్వులా మెరిసినంత మాత్రాన మంచిదీ కాదు.

ఆవకాయకు ఈ జాగ్రత్త రెట్టింపు అవసరం. ఒక ఏడాది నేను తెరిచి ఉన్న బస్తాలోంచి కల్లుప్పు తెచ్చి, చెమ్మ చూసుకోకుండా తూకం వేసి కలిపేశాను. తూకంలో కొంత నీళ్ళే ఉన్నాయి కాబట్టి ఉప్పు చాలలేదు. పైగా ఆ తడి ముక్కలకు పట్టింది. మూడో వారానికే పైన బూజు కట్టింది. జాడీ మొత్తం పారబోయాల్సి వచ్చినప్పుడు నిజంగా ఏడుపొచ్చింది. అప్పటినుంచి ఉప్పును పొడి మూకుట్లో సన్నటి సెగ మీద తడి పోయేదాకా వేడి చేసి, చల్లారాక మిక్సీ పట్టి, ఆ తర్వాతే తూకం వేస్తున్నాను. వేడికి అయోడిన్ కొంత తగ్గుతుంది, పచ్చడి విషయంలో దానికి నేను బాధపడను. రోజూ తినే ఉప్పులో ఎలాగూ ఉంటుంది. అయోడిన్ వల్ల పచ్చడి చెడిపోతుందనే భయం కూడా అక్కర్లేదు.

విస్తరి దగ్గరికి

మజ్జిగలోకి, మామిడికాయ ముక్కల మీదికి మెత్తటి ఉప్పే తీసుకోండి. అది వెంటనే కరుగుతుంది, కొంచెం వేసినా రుచి తెలుస్తుంది. ప్యాకెట్ ఉప్పు గడ్డకట్టకుండా కొన్ని పదార్థాలు కలుపుతారు. పైన నీళ్ళు తేలే ఊరగాయల్లో వాటివల్ల నీళ్ళు మసకబారవచ్చు, అన్నంలోకైతే ఏ తేడా ఉండదు. గులాబీ రంగు ఉప్పు సముద్రపుది కాదు, కొండ గనుల్లోంచి తవ్వి తీస్తారు. రంగు కోసం ఎక్కువ డబ్బు పెట్టనక్కర్లేదు. కల్లుప్పయినా, మెత్తటిదయినా, గులాబీదయినా సోడియం దాదాపు అంతే ఉంటుంది. రోజుకు 5 గ్రాములు, అంటే సుమారు ఒక టీస్పూను, దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఎండుచేపలు, ఊరగాయలు ఇష్టంగా తినే మన ఇళ్ళలో ఆ లెక్క మధ్యాహ్నానికే అయిపోతుంది. బీపీ ఉన్నవాళ్ళ విస్తరి దగ్గర ఉప్పు డబ్బా పెట్టకపోవడమే మంచిది. సోడియం తక్కువ ఉండే ఉప్పుల్లో పొటాషియం కలుపుతారు కాబట్టి, కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళు డాక్టర్‌ను అడగకుండా వాడకూడదు.

తెచ్చాక జాడీలోనో గాజు సీసాలోనో పోసి గట్టిగా మూత పెట్టండి. పొయ్యి సెగకు, ఎండకు, తడికి అయోడిన్ తగ్గుతుంది. ఇనుప చెంచా తుప్పు పడుతుంది, చెక్కది వాడండి. కూర దించబోయే ముందు ఉప్పు వేస్తే అయోడిన్ ఎక్కువ నిలుస్తుంది. కానీ చేపల పులుసుకు నేను ఈ పద్ధతి పాటించను, ముక్కకు ఉప్పు పట్టాలంటే మొదటే వేయాలి. మెత్తటి ఉప్పు బదులు కల్లుప్పు వేసేటప్పుడు చెంచా లెక్క మారుతుంది. గళ్ళ మధ్య ఖాళీ ఉంటుంది కాబట్టి ఒకటికి ఒకటింబావు దాకా పడుతుంది. ముందు ఒకటే వేసి, పూర్తిగా కరిగాక రుచి చూసి మిగతాది వేయండి.