షాపులో బిగించి ఇచ్చిన కొత్త కంప్యూటర్‌లో బయోస్ సెట్టింగులు: సమస్య - పరిష్కారం

ఒంగోలులోనైనా నెల్లూరులోనైనా షాపువారు బిగించి ఇచ్చే కంప్యూటర్‌లో విండోస్ ఎక్కించి, డ్రైవర్లు వేసి, తెర వెలిగితే పని అయినట్లే లెక్క. విండోస్ కంటే ముందే యంత్రాన్ని మేల్కొలిపే మదర్‌బోర్డులోని ప్రోగ్రామ్ అయిన బయోస్ మాత్రం తరచుగా మదర్‌బోర్డు ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్లే ఉండిపోతుంది. ఏ భాగాలు బిగించినా యంత్రం ఆన్ కావాలన్న జాగ్రత్తతో పెట్టిన సెట్టింగులవి. వాటివల్ల వచ్చే ఇబ్బందులను యంత్రంలోని లోపాలనుకొని షాపు చుట్టూ తిరిగేవారిని చాలామందిని చూశాను.

ఏదైనా మార్చే ముందు బయోస్‌లోని ప్రతి పేజీని ఫోనుతో ఫోటో తీసుకోండి. డిస్క్‌లోని సమాచారానికి తాళం వేసే విండోస్ సదుపాయం బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే, బయోస్ మార్చాక అది అడగవచ్చు కాబట్టి, దాని 48 అంకెల రికవరీ కీని కాగితం మీద రాసి పెట్టుకోండి.

సమస్య: ర్యామ్ మీద 3200 అని ఉన్నా టాస్క్ మేనేజర్‌లోని మెమరీ పేజీ 2133 లేదా 2666 అని చూపుతుంది; కొత్త తరం ర్యామ్ డీడీఆర్5 అయితే 6000కు బదులు 4800 కనిపిస్తుంది.

కారణం: అట్ట మీద ముద్రించిన వేగం చాలా ర్యామ్‌లలో ఒక అదనపు ప్రొఫైల్‌గా నమోదై ఉంటుంది. దాన్ని మనం ఎంచుకునేదాకా బోర్డు అందరికీ సరిపడే ప్రామాణిక వేగంతోనే నడుపుతుంది.

పరిష్కారం: ఆన్ చేయగానే డిలీట్ గానీ ఎఫ్2 గానీ నొక్కి బయోస్‌లోకి వెళ్లి, ఆ ప్రొఫైల్‌ను, అంటే ఇంటెల్ బోర్డులో ఎక్స్‌ఎంపీని, ఏఎండీ డీడీఆర్5 బోర్డులో ఎక్స్‌పోను ఎంచుకొని, ఎఫ్10తో సేవ్ చేయాలి. డీడీఆర్5 యంత్రాల్లో దీని తరువాత తెర కొన్ని నిమిషాలు నల్లగా ఉండిపోవచ్చు. బోర్డు ర్యామ్‌ను సరిచూసుకునే సమయమది, కంగారుపడి స్విచ్ కట్టకండి. ఎంతసేపటికీ తెర రాకపోతే, ప్లగ్ తీసి, బోర్డు మీది సీఆర్2032 బ్యాటరీని కొన్ని నిమిషాలు బయటపెట్టి తిరిగి అమర్చితే ఫ్యాక్టరీ సెట్టింగులు వస్తాయి. చవక బోర్డుల్లో కొన్ని ఈ వేగాన్ని అసలు అనుమతించవు. అక్కడ పట్టుదలకు పోయి ప్రయోజనం లేదు.

సమస్య: కరెంటు పోయి వచ్చాక కంప్యూటర్ తనంతట తాను ఆన్ కాదు.

కారణం: కరెంటు తిరిగి వచ్చినా ఆపివేసి ఉండమన్నదే చాలా బోర్డుల్లో మొదటి సెట్టింగు.

పరిష్కారం: చీమకుర్తిలో ఒక గ్రానైట్ ఆఫీసులో కెమెరాల రికార్డింగుకు పెట్టిన యంత్రం రాత్రి కరెంటు పోయిన ప్రతిసారీ తెల్లవారేదాకా నిద్రపోయేది. పవర్ సెట్టింగులలో ‘రీస్టోర్ ఏసీ పవర్ లాస్’ను, కొన్ని బోర్డుల్లో ‘ఏసీ బ్యాక్’ను, ‘పవర్ ఆన్’ లేదా ‘ఆల్వేస్ ఆన్’గా మార్చితే చాలు. ఇంట్లో వాడే యంత్రానికి మాత్రం దీన్ని నేను సిఫారసు చేయను, ఎందుకంటే కరెంటు వచ్చీపోయీ దోబూచులాడే వేళ యంత్రం ఆగి ఉండటమే మేలు.

సమస్య: వర్చువల్ మెషీన్ (కంప్యూటర్ లోపలే ప్రోగ్రామ్‌గా నడిచే మరో కంప్యూటర్) తెరవబోతే వర్చువలైజేషన్ లేదంటుంది.

పరిష్కారం: ఏఎండీలో ‘ఎస్‌వీఎం’ను, ఇంటెల్‌లో ‘వీటీ’ పేరుతో ఉన్న ఆప్షన్‌ను ఎనేబుల్ చేయండి.

తాకకూడనిది ఒకటుంది. డిస్క్‌ను నడిపే పద్ధతిని చూపే స్టోరేజ్ పేజీలో వీఎండీ లేదా రైడ్ అని ఉంటే, ఏహెచ్‌సీఐ అనే మరో పద్ధతి మేలని ఎవరో చెప్పారని మార్చవద్దు. విండోస్ ఆ పద్ధతిలోనే ఎక్కించి ఉంటే నీలి తెర వచ్చి ఆగిపోతుంది. ఇప్పటికే మార్చి ఉంటే, మళ్లీ పాత విలువ పెట్టి సేవ్ చేయగానే సాధారణంగా యంత్రం మామూలుగా తెరుచుకుంటుంది.